నీటి బిల్లు ఎందుకింత పెరిగింది, కట్టడం కష్టమైతే ఏం చేయాలి: ఇంగ్లండ్, వేల్స్‌లో ఉంటున్న మనవాళ్ల కోసం

ఏప్రిల్ వచ్చిందంటే ఇక్కడి మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "మీకూ నీళ్ల బిల్లు ఇలాగే వచ్చిందా?" కరెంటు, గ్యాసు బిల్లు పెరిగితే ఇంకో కంపెనీకి మారతాం. నీళ్లకు ఆ దారి లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఏ ప్రాంతానికి ఆ కంపెనీయే, ఇళ్లకు వేరే కంపెనీని ఎంచుకునే వీలు లేదు. అందుకని చాలామంది ఒక నిట్టూర్పు విడిచి కట్టేస్తారు. కట్టలేనివాళ్లు కవరు విప్పకుండా ఫ్రిజ్ మీద పడేస్తారు.

ఆ కవరు గురించే ఇదంతా రాస్తున్నాను. బిల్లు తగ్గించే పథకాలు ప్రతి కంపెనీ దగ్గరా ఉన్నాయి. కానీ చాలావరకు అడిగినవాళ్లకే అందుతాయి. బకాయి పడకముందే అడిగితే పని ఇంకా తేలిక. ఎలా అడగాలో, అడిగేముందు ఇంట్లో ఏం చూసుకోవాలో వరసగా చెబుతాను.

ముందుగా, ఎందుకు పెరిగింది?

ఇక్కడ నీటి కంపెనీలు 1989లో ప్రైవేటు అయ్యాయి. అవి ఎంత వసూలు చేయవచ్చో ఆఫ్‌వాట్ అనే నియంత్రణ సంస్థ ఐదేళ్లకోసారి తేలుస్తుంది. 2025 నుంచి 2030 దాకా వర్తించే నిర్ణయం 2024 డిసెంబరు 19న వచ్చింది. ఐదేళ్లలో బిల్లులు సగటున 36 శాతం పెరగవచ్చని, దాని పైన ద్రవ్యోల్బణం అదనమని అందులో ఉంది. పైగా ఆ పెంపులో పెద్ద భాగం మొదటి ఏడాదే వచ్చిపడింది. 2025 ఏప్రిల్‌లో సగటు బిల్లు ఒక్కసారిగా 123 పౌండ్లు పెరిగి 603 పౌండ్లకు చేరింది. అది సగటు మాత్రమే. సదరన్ వాటర్ ప్రాంతంలో పెంపు 47 శాతం. పక్క ఊళ్లో ఉన్న స్నేహితుడి బిల్లుతో మన బిల్లు పోల్చుకుంటే లెక్క కలవకపోవడానికి కారణం ఇదే.

ఆ డబ్బంతా ఎక్కడికి పోతోంది? ఐదేళ్లలో 104 బిలియన్ పౌండ్ల ఖర్చుకు ఆఫ్‌వాట్ అనుమతి ఇచ్చింది. అందులో చాలా భాగం పాత బాకీ తీర్చడం లాంటిదే. ఇక్కడి చాలా పట్టణాల్లో వాననీరు, మురుగునీరు ఒకే గొట్టంలో పోతాయి. గట్టి వాన పడితే గొట్టం నిండి, మురుగు నేరుగా నదిలోకో సముద్రంలోకో పొంగుతుంది. దాన్ని ఆపాలంటే పెద్ద ట్యాంకులు, కొత్త గొట్టాలు కావాలి. లండన్ కింద 25 కిలోమీటర్ల పొడవున తవ్విన థేమ్స్ టైడ్‌వే సొరంగం అందుకే. దాని ఖర్చు థేమ్స్ వాటర్ వినియోగదారుల బిల్లుల్లోంచే వస్తోంది. శుద్ధి చేసిన నీటిలో దాదాపు ఐదో వంతు దారిలోనే లీకై పోతోంది. ఇంగ్లండ్‌లో మూడు దశాబ్దాలుగా కొత్త పెద్ద రిజర్వాయరు ఒక్కటీ పూర్తికాలేదు, జనాభా మాత్రం పెరిగింది. వీటికి తోడు కంపెనీల అప్పులు. వడ్డీ రేట్లు పెరిగేసరికి ఆ భారమూ మన నెత్తినే పడింది.

ప్రైవేటు అయిన ఇన్నేళ్లలో వాటాదారులకు డివిడెండ్లు పంచుతూ, గొట్టాలు మార్చే పని వాయిదా వేస్తూ వచ్చి, ఇప్పుడు మొత్తం బిల్లు జనం చేతిలో పెట్టడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ కోపం మనసులో ఉండనివ్వండి. కానీ కోపంతో బిల్లు కట్టడం ఆపేస్తే నష్టపోయేది మనమే.

మొదటి అడుగు: బిల్లు మొత్తం చదవండి

కట్టాల్సిన మొత్తం, గడువు తేదీ, ఈ రెండూ చూసి బిల్లు మూసేస్తాం. మిగతావి కూడా చూడండి.

మీటరు ఉన్న ఇల్లయితే రీడింగ్ పక్కన అది నిజంగా తీసిందా, అంచనా వేసిందా అన్నది రాసి ఉంటుంది. అంచనా అయితే మీరే మీటరు చూసి, ఆన్‌లైన్‌లో అసలు రీడింగ్ పంపి, బిల్లు సరిచేయమనండి. కొత్తగా ఇంట్లో దిగినవాళ్లకు ముందున్నవాళ్ల వాడకం లెక్కన అంచనా వేసి పంపడం కూడా జరుగుతుంది.

నీటి సరఫరాకు ఒక ఛార్జీ, మురుగునీటికి ఒక ఛార్జీ ఉంటాయి. కొన్ని ప్రాంతాల్లో ఈ రెండు పనులూ వేర్వేరు కంపెనీలవి, బిల్లులూ రెండు రావచ్చు. "నాకు రెండుసార్లు బిల్లేశారు" అని కంగారుపడేముందు ఆ సంగతి చూసుకోండి.

మురుగు ఛార్జీలో వాననీటి డ్రైనేజీ అని ఒక భాగం ఉంటుంది. మీ ఇంటి కప్పు మీద పడ్డ వాన కంపెనీ డ్రైనేజీలోకి వెళ్లకుండా తోటలోని ఇంకుడు గుంతలోకి పోతుంటే, ఆ భాగం కట్టక్కర్లేదు. అడిగితే తీసేస్తారు. ఇది చాలామందికి తెలియదు. కంపెనీ తనంతట తాను వచ్చి చూడదు కూడా.

షేరింగ్ ఇంట్లో ఉంటూ నీళ్ల డబ్బు ఇంటి యజమానికి ఇస్తున్నారా? తాను కంపెనీకి కట్టే దానికంటే ఎక్కువ మీ దగ్గర తీసుకునే హక్కు ఆయనకు లేదు, నిర్వహణ కింద చాలా చిన్న మొత్తం తప్ప. బిల్లు చూపించమని అడగండి.

రెండో అడుగు: మీటరు పెట్టించుకోవాలా?

మీటరు లేని ఇళ్లకు బిల్లు వేసేది, ఇంటికి ఎప్పుడో కట్టిన 'రేటబుల్ వాల్యూ' అనే పాత విలువ మీద. ఆ విలువలు కట్టడం 1990లోనే ఆగిపోయింది. అంటే మీరు ఎన్ని నీళ్లు వాడారన్నదానితో సంబంధం లేకుండా, ముప్పై ఏళ్లకు పైబడిన లెక్కతో బిల్లు వస్తోందన్నమాట.

ఒక మోటు లెక్క ఉంది: ఇంట్లో మనుషుల కంటే బెడ్‌రూములు ఎక్కువగానో సమానంగానో ఉంటే మీటరు లాభం. మూడు బెడ్‌రూముల ఇంట్లో ఇద్దరే ఉంటే దాదాపు తప్పకుండా తగ్గుతుంది. అదే ఇంట్లో ఆరుగురుంటే మీటరు జోలికి వెళ్లేముందు బాగా ఆలోచించండి. సీసీడబ్ల్యూ అని నీటి వినియోగదారుల తరఫున పనిచేసే సంస్థ ఉంది. వాళ్ల వెబ్‌సైట్లో ఉచిత కాలిక్యులేటర్ ఉంటుంది. వారానికి ఎన్ని స్నానాలు, ఎన్నిసార్లు వాషింగ్ మెషీన్ అని అడిగి, మీటరుతో ఎంత అవుతుందో చూపిస్తుంది.

మీటరు ఉచితంగానే పెడతారు. అద్దెకున్నవాళ్లు కూడా, అగ్రిమెంటు 6 నెలలు అంతకంటే ఎక్కువైతే, సొంతంగా అడగవచ్చు. అయినా యజమానికి ఒక మాట చెప్పడం మంచిది. పెట్టించాక బిల్లు పెరిగితే పాత పద్ధతికి తిరిగి వెళ్లే వీలుంటుంది. చాలా కంపెనీలు రెండేళ్ల గడువు ఇస్తాయి, మీ కంపెనీ గడువు ఎంతో అప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి. మీరు ఇంట్లో దిగేటప్పటికే మీటరు ఉంటే మాత్రం ఆ అవకాశం లేదు. ఫ్లాట్లలో పైపులు కలిసిపోయి మీటరు పెట్టడం కుదరకపోతే 'అసెస్డ్ ఛార్జ్' అడగండి. అప్పుడు మనుషుల సంఖ్యనో ఇంటి రకాన్నో బట్టి బిల్లు వేస్తారు. ఒంటరిగా ఉండేవాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది.

మూడో అడుగు: రాత్రి మీటరు పరీక్ష

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే మా ఇంట్లో డబ్బు పోయింది ఇక్కడే.

ఒక చలికాలం మా బిల్లు ఉన్నట్టుండి దాదాపు రెట్టింపైంది. అప్పుడే ఊరి నుంచి అమ్మానాన్న వచ్చి ఉన్నారు. ఇద్దరు పెరిగారు కదా, వాడకం పెరిగి ఉంటుందిలే అనుకున్నాం. అమ్మ పాపం తన వల్లే అనుకుని గిన్నెలు కడిగేటప్పుడు కుళాయి సన్నగా తిప్పడం మొదలుపెట్టింది. నాకది చూసి మనసొప్పలేదు. ఒక రాత్రి 11 గంటలకు టార్చి పట్టుకుని బయటికెళ్లాను. పేవ్‌మెంటు మీద అరచేతి వెడల్పు ప్లాస్టిక్ మూత ఉంటుంది. స్క్రూడ్రైవరుతో లేపితే లోపల మంచు తేమకు మసకబారిన అద్దం, దాని కింద అంకెలు. నల్లవి క్యూబిక్ మీటర్లు, ఎర్రవి లీటర్లు. ఇంట్లో అందరూ పడుకున్నారు, ఒక్క కుళాయి కూడా తిప్పి లేదు. అయినా చివరి ఎర్ర అంకె నా కళ్లముందే మెల్లగా తిరుగుతోంది. ఫోటో తీసి వచ్చాను. పొద్దున 6 గంటలకు మళ్లీ చూస్తే 84 లీటర్లు పోయాయి.

గంటకు 12 లీటర్లు, రోజుకు 288. ఏడాదికి 105 క్యూబిక్ మీటర్లు! ఇక్కడ ఒక మనిషి సగటు వాడకం రోజుకు 140 లీటర్ల దాకా అంటారు. అంటే మా ఇంట్లో కనబడని ఇద్దరు మనుషులు కాపురముంటున్నట్టే లెక్క.

మీరు చేసేటప్పుడు ఇలా చేయండి. పడుకునేముందు వాషింగ్ మెషీన్, డిష్ వాషర్ ఆగాయని చూసుకుని రీడింగ్ ఫోటో తీయండి. రాత్రి ఎవరైనా ఫ్లష్ చేస్తే గుర్తుపెట్టుకోమనండి, ఆ మేరకు తీసేసి లెక్క చూడాలి. పొద్దున ఎవరూ నీళ్లు ముట్టుకోకముందే రెండో ఫోటో. అంకె మారితే ఇంట్లోని మెయిన్ స్టాప్ ట్యాప్ కట్టండి. ఇది సాధారణంగా వంటగది సింకు కింద ఉంటుంది. కట్టాక మీటరు ఆగిపోతే లీకు ఇంటి లోపల. ఇంకా తిరుగుతూనే ఉంటే మీటరుకీ ఇంటికీ మధ్య భూమిలో ఉన్న పైపులో.

లోపలి లీకైతే మొదటి అనుమానం టాయిలెట్ మీదే పడాలి. రెండు బటన్ల ఫ్లష్ ట్యాంకుల్లో అడుగున ఉండే రబ్బరు వాషరు అరిగితే నీళ్లు చప్పుడు లేకుండా జారిపోతుంటాయి. పైపైన చూస్తే ఏమీ కనబడదు. రాత్రి చివరి ఫ్లష్ తర్వాత కమోడ్ వెనక గోడ తుడిచి, పొడి టిష్యూ కాగితం అంటించండి. పొద్దునకు తడిసి చిరిగితే లీకున్నట్టే. ట్యాంకులో కాస్త ఫుడ్ కలర్ వేసి గంటసేపు ఫ్లష్ చేయకుండా చూసినా తెలిసిపోతుంది. మా ఇంట్లో టిష్యూ పొద్దునకు ముద్దయి కింద పడి ఉంది. వాషరు ఖరీదు కొద్ది పౌండ్లు. అమ్మ తప్పేమీ లేదని ఆ రోజే చెప్పాను.

అద్దె ఇల్లయితే ఇలాంటి రిపేరు యజమాని బాధ్యత. ఫోన్లో చెప్పి ఊరుకోకండి, తేదీ ఉండేలా ఈమెయిల్ పెట్టి మీటరు ఫోటోలు జతచేయండి.

లీకు భూమి లోపలి పైపులో అయితే, రిపేరు చేయించాక 'లీక్ అలవెన్స్' అడగండి. వృథాగా పోయిన నీటి డబ్బు కంపెనీ బిల్లులోంచి తీసేస్తుంది. సాధారణంగా ఒక్కసారే ఇస్తారు, అదీ తెలిసిన వెంటనే బాగుచేయిస్తేనే. టాయిలెట్, కుళాయి లీకులకు మాత్రం చాలా కంపెనీలు ఇవ్వవు. మాకూ ఇవ్వలేదు.

వాడకం తగ్గించే చిట్కాల గురించి పెద్దగా చెప్పను, మీకు తెలిసినవే. ఒక్కటి మాత్రం: పవర్ షవర్ నిమిషానికి 15 లీటర్ల దాకా తాగుతుంది. పది నిమిషాలు నిలబడితే 150 లీటర్లు. మన పెద్దవాళ్ల బకెట్ స్నానం 20 లీటర్లలో అయిపోతుంది. వాళ్లు బకెట్, మగ్గు కొనమంటే సంతోషంగా కొనివ్వండి.

నాలుగో అడుగు: మీకు ఏ పథకం వర్తిస్తుంది?

అన్ని కంపెనీల్లోనూ ఉన్నది వాటర్‌ష్యూర్. మీటరు ఉండాలి, లేదా పెట్టమని అడిగి ఉండాలి. ఇంట్లో ఎవరికైనా యూనివర్సల్ క్రెడిట్, పెన్షన్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్ లాంటి ప్రభుత్వ సాయం (బెనిఫిట్) వస్తుండాలి. దానితోపాటు ఈ రెంటిలో ఒకటి ఉండాలి: చైల్డ్ బెనిఫిట్ అందుతున్న 19 ఏళ్లలోపు పిల్లలు ముగ్గురో అంతకంటే ఎక్కువో, లేదా ఎక్కువ నీళ్లు వాడక తప్పని జబ్బు. ఎగ్జిమా, సోరియాసిస్, క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్, మూత్రం ఆగని సమస్య, ఇంట్లోనే చేసుకునే డయాలసిస్ లాంటివి ఈ లెక్కలోకి వస్తాయి. అర్హత ఉంటే, ఎన్ని నీళ్లు వాడినా బిల్లు ఆ కంపెనీ సగటు బిల్లును దాటదు. ఏటా మళ్లీ దరఖాస్తు చేయాలి. మర్చిపోతే ఆగిపోతుంది, ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి.

రెండోది సోషల్ టారిఫ్. ఇది కంపెనీకో పేరు, కంపెనీకో నియమం. థేమ్స్‌లో వాటర్‌హెల్ప్, సెవర్న్ ట్రెంట్‌లో బిగ్ డిఫరెన్స్ స్కీమ్, సదరన్‌లో ఎసెన్షియల్స్, వేల్స్‌లో హెల్ప్‌యూ. ఆదాయం తక్కువున్న ఇళ్లకు బిల్లులో కొంత శాతం తగ్గిస్తారు, కొన్నిచోట్ల సగానికి సగం. ఉద్యోగం ఉంది కదా, మనకెందుకిస్తారని ముందే అనేసుకోకండి. ఒక్క జీతం మీద నడిచే కుటుంబాలు, అద్దెకే సగం పోయే కుటుంబాలు చాలాసార్లు ఆ పరిధిలోకి వస్తాయి. ఆదాయ పరిమితి ఎంతో మీ కంపెనీ వెబ్‌సైట్లోనే చూడండి. వాట్సాప్‌లో తిరిగే అంకెలు వేరే కంపెనీవి అయి ఉంటాయి.

వీసా మీద ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. వాటర్‌ష్యూర్‌కు అర్హత వస్తుందని కొత్తగా ఏ బెనిఫిట్‌కూ దరఖాస్తు చేయకండి. మీ వీసాలో 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్', అంటే ప్రభుత్వ బెనిఫిట్లు తీసుకోకూడదనే షరతు ఉంటే అది పెద్ద తలనొప్పి అవుతుంది. మీటరు, లీక్ అలవెన్స్, వాయిదాల ఏర్పాటు, వీటికి మాత్రం వీసాతో పనిలేదు. సోషల్ టారిఫ్‌లో కొన్ని కంపెనీలు ఇంటి ఆదాయమే చూస్తాయి, బెనిఫిట్లు అడగవు.

పెద్దవాళ్లు, పసిపిల్లలు, దీర్ఘకాలిక జబ్బున్నవాళ్లు ఇంట్లో ఉంటే ప్రయారిటీ సర్వీసెస్ రిజిస్టరులో కూడా పేరు రాయించండి. బిల్లు తగ్గదు గానీ సరఫరా ఆగిన రోజు తాగునీటి సీసాలు మీ గుమ్మం దాకా తెచ్చిస్తారు. ఉచితం.

అయిదో అడుగు: ఫోన్ చేయండి

అన్నిటికంటే కష్టమైన అడుగు ఇదే అని నాకు తెలుసు. డబ్బు లేదని పరాయివాళ్లకు చెప్పడం మనకు నామోషీ. పరువు పోతుందని టెన్షన్. కానీ అవతలివాళ్లకు ఇది రోజూ వచ్చే ఫోనే, మీ పేరు పదిమందికీ చెప్పరు.

చేసేముందు ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసుకోండి: కస్టమర్ నంబరు, నెలకు ఇంట్లోకి వచ్చే డబ్బు, అద్దె సహా తప్పని ఖర్చులు, నీళ్లకు నిజంగా ఇవ్వగలిగేది. చివరి అంకె మొహమాటానికి పెంచి చెప్పకండి. పెంచి చెప్పి రెండో నెలకే తప్పితే మళ్లీ మొదటికొస్తుంది.

లైను కలవగానే "ఐ యామ్ స్ట్రగ్లింగ్ టు పే" అనండి. ఆ మాట వినగానే చాలాచోట్ల అందుకోసమే ఉన్న టీముకు కలుపుతారు. తర్వాత మూడు అడగండి. నాకు ఏ సోషల్ టారిఫ్ వర్తిస్తుంది? నెలవారీ, వారంవారీ వాయిదాలు ఎంతకు కుదురుతాయి? పాత బకాయికి సాయం ఏముంది? కొన్ని కంపెనీల్లో మీరు క్రమంగా కడుతూ వస్తే బకాయిలో కొంత వాళ్లు మాఫీ చేస్తారు. సెవర్న్ ట్రెంట్, యునైటెడ్ యుటిలిటీస్ లాంటి కంపెనీలకు విడిగా ట్రస్ట్ ఫండ్లు ఉన్నాయి, వాటికి వేరే దరఖాస్తు. ఎవరితో మాట్లాడారో, ఏ తేదీనో రాసుకుని, ఒప్పుకున్నది ఈమెయిల్లో పంపమనండి. ఇంగ్లీషులో మాట్లాడటం ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్ ఉన్నారా అని అడగవచ్చు, లేదా మీ అనుమతితో ఇంట్లో వేరేవాళ్లు మాట్లాడవచ్చు.

భయం పెట్టుకోవద్దని చెప్పడానికి ఒక చట్టం ఉంది. 1999 నాటి వాటర్ ఇండస్ట్రీ చట్టం ప్రకారం, బిల్లు కట్టలేదని ఇంటి నీళ్లు ఆపడానికి వీల్లేదు, ధార సన్నం చేయడానికీ వీల్లేదు. అలాగని వదిలేస్తే మాత్రం కంపెనీ కౌంటీ కోర్టుకు వెళ్లవచ్చు. తీర్పు వచ్చి నెలలోపు కట్టకపోతే అది 6 ఏళ్లు క్రెడిట్ రికార్డులో ఉంటుంది. రేపు మార్ట్‌గేజ్‌కు వెళ్లేవాళ్లకు అది చాలా పెద్ద దెబ్బ.

నీళ్లతోపాటు క్రెడిట్ కార్డులు, ఇతర అప్పులూ మీద పడి ఉంటే సిటిజన్స్ అడ్వైస్ లేదా స్టెప్‌చేంజ్ అనే సలహా సంస్థను కలవండి. రెండూ ఉచితమే. అర్హత ఉంటే 'బ్రీదింగ్ స్పేస్' ఇప్పిస్తారు. ఆ 60 రోజులూ అప్పులవాళ్లు చాలావరకు వడ్డీలు వేయకూడదు, వసూలుకు వెంటపడకూడదు. డబ్బు తీసుకుని అప్పు తీరుస్తామని ఫోన్ చేసేవాళ్లను నమ్మకండి.

కంపెనీ వినకపోతే

ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. జవాబు నచ్చకపోతే పైస్థాయిలో మళ్లీ చూడమనాలి. అదీ కుదరకపోతే సీసీడబ్ల్యూకు పంపండి, ఫీజు లేదు. మీటరు ఫోటోలు, ఈమెయిళ్లు, ఫోన్ తేదీలు ఇక్కడే అక్కరకొస్తాయి.

స్కాట్లండ్, నార్తర్న్ ఐర్లండ్

అక్కడ పద్ధతి వేరు. స్కాట్లండ్‌లో నీటి ఛార్జీ కౌన్సిల్ టాక్స్‌తో కలిపి వస్తుంది, కౌన్సిల్ టాక్స్ తగ్గింపు ఉన్నవాళ్లకు ఇందులోనూ 35 శాతం దాకా తగ్గవచ్చు. ఒంటరిగా ఉంటే 25 శాతం తగ్గింపు అడగండి. నార్తర్న్ ఐర్లండ్‌లో ఇళ్లకు విడిగా నీటి బిల్లే రాదు.

ఇల్లు మారే రోజు

సామాను లారీ ఎక్కాక, తాళాలు ఇచ్చేముందు, మీటరు మూత లేపి అంకెలు కనబడేలా ఒక ఫోటో తీసుకోండి. కొత్త ఇంటి దగ్గర దిగగానే ఇంకోటి. రెండూ అదే రోజు కంపెనీకి పంపి పాత ఖాతా మూయించండి. డైరెక్ట్ డెబిట్‌లో ఎక్కువ కట్టి ఉంటే మిగిలింది మీ బ్యాంకు ఖాతాకు తిరిగి వేయమని అడగండి.